హుద్‌హుద్ తరువాత విశాఖ వీధి దీపాలు: ఎల్‌ఈడీ మార్పిడిపై ఒక కేస్ స్టడీ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచిన గాలికి వేల కొద్దీ చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. నగరంలో అనేక ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. ఆ పునరుద్ధరణలో భాగంగా మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోని వీధి దీపాలను తిరిగి పాత పద్ధతిలో నిలబెట్టకుండా, తొంభై వేలకు పైగా దీపాల స్థానంలో ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు. దేశంలో ఒక పెద్ద నగరం ఇంత మొత్తంలో, ఇంత తక్కువ వ్యవధిలో మార్పిడి చేసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. వీధి దీపాల ఆడిట్లు చేయడం, పురపాలక సంఘాలకు టెండరు షరతులు రాసిపెట్టడం నా వృత్తి కాబట్టి, ఈ విశాఖ అనుభవాన్ని ఒక నమూనాగా తీసుకుని, ఎల్‌ఈడీ వల్ల కలిగే లాభం అసలు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్నది వివరంగా రాయదలచాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ పొదుపులో సగం దీపానిది, మిగిలిన సగం ఒప్పందానిది. రెండో సగాన్ని పట్టించుకోని ఊళ్లలో మొదటి సగం కూడా నిలవడం లేదు.

సందర్భవశాత్తూ ఒక సంగతి. తెల్లని ఎల్‌ఈడీకి ఆధారమైన నీలి కాంతి డయోడును రూపొందించిన అకసాకి, అమానో, నకమురలకు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించింది అదే సంవత్సరం అక్టోబరు 7న, అంటే తుఫానుకు సరిగ్గా ఐదు రోజుల ముందు. ప్రయోగశాలలో 1990ల తొలి భాగంలో వెలిగిన ఆ నీలి కాంతి మన వీధి స్తంభాల దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట.

పాత దీపాలు నిజంగా ఎంత తాగేవి

మన పట్టణాల్లో ఎల్‌ఈడీకి ముందు ప్రధానంగా రెండు రకాల దీపాలు ఉండేవి. పెద్ద రోడ్ల మీద 150, 250, అక్కడక్కడా 400 వాట్ల సోడియం దీపాలు. సందుల్లో, కాలనీల్లో 40 వాట్ల ట్యూబ్‌లైట్లు. బిల్లు గురించి మాట్లాడేటప్పుడు దీపం మీద ముద్రించిన వాట్లనే లెక్కలోకి తీసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ దీపాలకు చోక్ తప్పనిసరి, ఆ చోక్ కూడా కరెంటు తింటుంది. 250 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిసి సుమారు 280 వాట్లు, 40 వాట్ల ట్యూబ్‌లైటు రాగి చోక్‌తో కలిసి సుమారు 52 వాట్లు వాడుతుంది. కెపాసిటర్ చెడిపోయిన సోడియం ఫిట్టింగులో పవర్ ఫ్యాక్టర్ (తీగలో పారే కరెంటులో నిజంగా పనికొచ్చే పాలు) సగానికి పడిపోతుంది. వాట్లు పెరగకపోయినా తీగలో ప్రవహించే ఆంపియర్లు దాదాపు రెట్టింపై, లైను నష్టాలు పెరుగుతాయి. ఈ నష్టం వీధి దీపాల బిల్లులో కనిపించదు, పంపిణీ సంస్థ ఖాతాలో పడుతుంది.

వీధి దీపం రోజుకు సగటున 11 గంటలు వెలుగుతుందనుకుంటే ఏడాదికి 4,015 గంటలు. 250 వాట్ల సోడియం దీపం ఏడాదికి సుమారు 1,124 యూనిట్లు ఖర్చు చేస్తుంది. దాని స్థానంలో సాధారణంగా పెట్టే 120 వాట్ల ఎల్‌ఈడీ 482 యూనిట్లతో సరిపెడుతుంది. తేడా 642 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఒక్క స్తంభం మీద ఏడాదికి దాదాపు 4,500 రూపాయలు మిగులుతాయి. ట్యూబ్‌లైటు విషయంలో 209 యూనిట్లకు బదులు 20 వాట్ల ఎల్‌ఈడీకి 80 యూనిట్లు చాలు. ఇక్కడ మిగిలేది ఏడాదికి తొమ్మిది వందల రూపాయలే. స్తంభానికి మిగిలేది తక్కువగా కనిపించినా, ఏ పురపాలక సంఘంలోనైనా ట్యూబ్‌లైట్ల సంఖ్యే ఎక్కువ కాబట్టి మొత్తం పొదుపులో వాటి వాటా చిన్నదేమీ కాదు.

విశాఖ స్థాయిలో దీని అర్థం ఏమిటో అంచనా వేయడానికి పెద్ద లెక్కలు అవసరం లేదు. తొంభై వేల దీపాలలో ఒక్కోదానికి సగటున 60 వాట్లు తగ్గినా, మొత్తం లోడు 5.4 మెగావాట్లు తగ్గుతుంది. ఏడాదికి సుమారు 2.17 కోట్ల యూనిట్లు మిగులుతాయి. ఆ కాలంలో మన గ్రిడ్‌లో ఒక యూనిట్ ఉత్పత్తికి సుమారు 0.8 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడేది కాబట్టి, ఏడాదికి 17,000 టన్నుల మేర ఉద్గారాలు తప్పినట్టే. యూనిట్ల కంటే కూడా ఆ 5.4 మెగావాట్లు ఏ వేళకు తగ్గాయన్నది విద్యుత్ రంగంలో పనిచేసేవారికి ముఖ్యం. వీధి దీపాలు వెలిగేది సరిగ్గా సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఉండే గరిష్ఠ డిమాండు సమయంలో. ఆ వేళ సౌర విద్యుత్తు చేతిలో ఉండదు, మార్కెట్లో కొనే కరెంటు ధర ఎక్కువ. అందువల్ల వీధి దీపంలో తగ్గిన ఒక వాటు పగటిపూట ఫ్యానులో తగ్గిన వాటు కంటే విలువైనది.

తక్కువ కాంతితో ఎక్కువ వెలుగు ఎలా

సోడియం దీపం అసమర్థమైన దీపం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 250 వాట్ల సోడియం దీపం 27,000 ల్యూమెన్లకు (దీపం వెదజల్లే మొత్తం కాంతికి కొలమానం) పైగా కాంతి ఇస్తుంది, అంటే వాటుకు 110 దాకా. 2015 నాటి మంచి ఎల్‌ఈడీ ఫిట్టింగు ఇచ్చింది కూడా వాటుకు దాదాపు అంతే. అలాంటప్పుడు 280 వాట్ల చోట 120 వాట్లు ఎలా సరిపోతాయన్న ప్రశ్న రావాలి. ఈ ప్రశ్న అడగని అధికారికి ఎవరైనా ఏ దీపమైనా అంటగట్టగలరు.

సోడియం దీపం నలుదిక్కులా కాంతి వెదజల్లుతుంది. పైకి, పక్కలకు పోయిన కాంతిని రిఫ్లెక్టరు మళ్లించి రోడ్డు మీదికి పంపాలి. ఆ ప్రయత్నంలో మూడో వంతు దాకా ఫిట్టింగులోనే పోతుంది, దుమ్ము పట్టిన గాజులో ఇంకొంత పోతుంది. రోడ్డు మీద పడినదాంట్లో కూడా స్తంభం కిందనే అవసరానికి మించిన వెలుగు, రెండు స్తంభాల నడుమ మసక చీకటి. ఎల్‌ఈడీ సహజంగా ఒక దిక్కుకే కాంతి ఇస్తుంది; ప్రతి డయోడు మీద అమర్చిన చిన్న లెన్సు ఆ కాంతిని రోడ్డు పొడవునా సాగదీసి పరుస్తుంది. మొత్తం ల్యూమెన్లు తక్కువైనా, కావలసిన చోట పడిన ల్యూమెన్లు సరిపోతాయి. పొదుపు వచ్చేది ఈ పంపకం నుంచే. కాబట్టి లెన్సు సరిగా లేని చవక ఫిట్టింగు కొంటే, వాట్లు తగ్గుతాయి, వెలుగూ తగ్గుతుంది. దానిని పొదుపు అనడం నాకు సమ్మతం కాదు.

ఇది తేల్చడానికి లక్స్ మీటరు (ఒక చోట పడే వెలుగును కొలిచే పరికరం) తప్ప మార్గం లేదు. మేము పాటించే పద్ధతి ఇలా ఉంటుంది: రెండు స్తంభాల నడుమ రోడ్డును సుద్దతో గుర్తు పెట్టుకుని, నాలుగు మూలల్లో, నాలుగు అంచుల మధ్య బిందువుల్లో, సరిగ్గా నడిమధ్యలో కలిపి తొమ్మిది చోట్ల మీటరు నేల మీద పెట్టి కొలుస్తాము. మూలల రీడింగుల మొత్తాన్ని పదహారుతో, అంచుల మొత్తాన్ని ఎనిమిదితో, నడిమి రీడింగును నాలుగుతో భాగించి కలిపితే సగటు వస్తుంది. అర్ధరాత్రి దాటాక, ట్రాఫిక్ పలచబడ్డాక చేయవలసిన పని ఇది. పక్కనున్న దుకాణం బోర్డు వెలుగుతూ ఉంటే ఆపించాలి, వెన్నెల రాత్రులు వదిలేయాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం వేగంగా, ఎక్కువగా వాహనాలు తిరిగే ప్రధాన రహదారికి సగటున 30 లక్స్, ఇతర ప్రధాన మార్గాలకు 15, రద్దీ ఉన్న ద్వితీయ శ్రేణి రోడ్లకు 8, చిన్న వీధులకు 4 ఉండాలి. సగటుతో పాటు కనిష్ఠానికీ సగటుకూ మధ్య నిష్పత్తి కూడా చూడాలి. ఆ నిష్పత్తి పడిపోయిన చోట సగటు ఎంత బాగున్నా స్కూటరు మీద వెళ్లేవారికి గుంత కనబడదు.

పాత స్తంభాలనే వాడుకుంటూ దీపం మాత్రమే మార్చే పథకాలలో చిక్కు ఇక్కడే వస్తుంది. స్తంభాల మధ్య దూరం పాత దీపానికి తగినట్టు, కొన్నిసార్లు దేనికీ తగనట్టు ఉంటుంది. నలభై మీటర్ల ఎడం ఉన్న చోట ఏ లెన్సూ నడిమి చీకటిని పూర్తిగా తుడిచిపెట్టలేదు. అలాంటి చోట్ల అదనపు స్తంభానికి అయ్యే ఖర్చును మొదటి అంచనాలోనే కలపాలని నేను పట్టుబడతాను.

డబ్బు ఎవరు పెట్టారు, పూచీ ఎవరిది

తుఫానులో దెబ్బతిన్న నగరానికి కోట్ల రూపాయలు పెట్టి దీపాలు కొనే స్తోమత ఉండదు. ఆ స్తోమత లేకుండానే మార్పిడి జరగడం విశాఖ కేసులో నాకు అన్నింటికంటే విలువైన అంశంగా కనిపిస్తుంది. కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని నాలుగు ప్రభుత్వరంగ సంస్థలు ఎన్‌టీపీసీ, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ, పవర్‌గ్రిడ్ కలిసి 2009లో నెలకొల్పిన ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్, క్లుప్తంగా ఈఈఎస్‌ఎల్, పెట్టుబడి పెట్టి దీపాలు కొని అమర్చింది. నగరపాలక సంస్థ ఆ మొత్తాన్ని ఏడేళ్ల కాలంలో, కరెంటు బిల్లులోనూ నిర్వహణలోనూ మిగిలిన డబ్బు నుంచి వాయిదాలుగా చెల్లించాలి. ఆ ఏడేళ్లూ దీపాలు వెలిగేలా చూసే పూచీ కూడా పెట్టుబడి పెట్టినవారిదే. దీపం కొన్నవారే దానిని వెలిగించాలన్న నియమం పెట్టగానే, చవక సరుకు కొనాలన్న ఆశ దానంతట అదే తగ్గుతుంది. చెడిపోయిన ప్రతి డ్రైవరు (ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటును మార్చి అందించే పరికరం) మరమ్మతు ఖర్చు కొన్నవారి మీదే పడుతుంది కదా.

2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్త వీధి దీపాల పథకాన్నీ, ఇళ్లకు ఎల్‌ఈడీ బల్బులిచ్చే పథకాన్నీ ప్రారంభించింది. వీధి దీపాల పథకం కింద ఇప్పటికి 1.3 కోట్లకు పైగా దీపాలు మారాయి. ఉజాలా పేరుతో ప్రసిద్ధమైన రెండో పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. హైదరాబాదులో నాలుగు లక్షలకు పైగా వీధి దీపాలను ఇదే తరహా ఒప్పందంతో మార్చారు. టోకున టెండర్లు పిలవడం వల్ల ఇంటి బల్బు కొనుగోలు ధర 2014లో ఉన్న 310 రూపాయల నుంచి కొద్ది సంవత్సరాలలోనే 38 రూపాయలకు పడిపోయింది. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వకుండా, కేవలం ఒక్క చోట పెద్దమొత్తంలో కొనడం వల్ల ఒక వస్తువు ధర ఎనిమిదో వంతుకు దిగిన ఉదాహరణలు అరుదు.

ఈ ఒప్పందాలన్నిటికీ ప్రాణం ఆధారరేఖ అని మేము పిలిచే అంకె. మార్పిడికి ముందు ఎంత ఖర్చయ్యేదో రెండు పక్షాలూ సంతకం చేసి ఒప్పుకున్న అంకె అది. తేలికగా కనిపిస్తుంది గాని, తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ఒక వార్డులో రిజిస్టరు ప్రకారం వంద దీపాలు ఉన్నాయనుకోండి; అందులో ఇరవై వెలగడం లేదు. కొత్తగా వంద ఎల్‌ఈడీలు పెడితే వందా వెలుగుతాయి. మీటరు ఉన్న చోట పాత బిల్లులో ఎనభై దీపాల కరెంటే కనబడుతుంది కాబట్టి, బిల్లును బిల్లుతో పోల్చితే పొదుపు తక్కువగా తేలుతుంది. పెట్టుబడి పెట్టినవారు నష్టపోయామంటారు. మీటరు లేకుండా, ఉన్న లోడును బట్టి బిల్లు వేసే చోట దీనికి సరిగ్గా తలకిందులు జరుగుతుంది: ఆరిపోయిన దీపాలకు కూడా ఇన్నాళ్లూ డబ్బు కట్టారు కాబట్టి కాగితంపై పొదుపు ఉబ్బిపోతుంది, నిజంగా గ్రిడ్‌లో తగ్గింది మాత్రం అంత ఉండదు. ఏడేళ్ల వాయిదాలు ఈ అంకె మీద ఆధారపడి ఉంటాయి.

అందుకే ఒక్కో స్తంభానికి అంకె వేసి, దాని మీదున్న దీపం రకం, వాట్లు, వెలుగుతోందా లేదా, ఏ స్విచ్ బోర్డు కింద ఉంది అన్నవి రాసుకున్న తరువాతే పాత దీపం కిందికి దించాలి. ఒకసారి దించేశాక ఆ సమాచారం మళ్లీ దొరకదు. తుఫాను తరువాతి వంటి హడావుడిలో ఈ పని చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా రెండు వారాలు ఆలస్యమైనా సర్వే పూర్తి చేయండని ప్రతి కమిషనరుకూ చెబుతాను.

స్విచ్ బోర్డు దగ్గర కేంద్రీకృత నియంత్రణ పెట్టెలు అమర్చడం ఈ తరహా ప్రాజెక్టులలో మరో ముఖ్యమైన మార్పు. సూర్యోదయాస్తమయ వేళలను లెక్కగట్టి దీపాలను వెలిగించి ఆర్పే టైమరు, మీటరు, మొబైల్ సిమ్ అందులో ఉంటాయి. మనిషి వెళ్లి స్విచ్ వేసే పద్ధతిలో దీపాలు పొద్దెక్కేదాకా వెలుగుతూ ఉండటం ఎవరమూ ఎరుగనిది కాదు. రోజుకు ముప్పావు గంట అదనంగా వెలిగితే ఏడాదికి 270 గంటలకు పైగా వృథా; ఎల్‌ఈడీ పెట్టి తెచ్చిన పొదుపులో గణనీయమైన భాగం అక్కడ కారిపోతుంది.

ఉప్పుగాలి, తెగిన న్యూట్రల్, వేడి

ఎల్‌ఈడీ దీపం 50,000 గంటలు మన్నుతుందని కంపెనీలు రాస్తాయి. ఆ గంటలు డయోడుకు సంబంధించినవి; అన్ని గంటల తరువాత కాంతి మొదటి స్థాయిలో 70 శాతానికి తగ్గుతుందని దాని భావం. వీధిలో దీపం ఆరిపోవడానికి కారణం మాత్రం చాలా సందర్భాలలో డయోడు కాదు, దాని వెనక ఉన్న డ్రైవరు. ఆరిన ఫిట్టింగును బల్ల మీద పెట్టి విప్పితే కథ దానంతట అదే తెలుస్తుంది: రబ్బరు గాస్కెట్ ఒక మూల నలిగి ఉంటుంది, లోపల నీటి చారలు, అల్యూమినియం అంచున తెల్లని పొడి, డ్రైవరులో కెపాసిటరు తల ఉబ్బి ఉంటుంది. బీచ్ రోడ్డు వంటి చోట్ల ఉప్పు తేమ ఈ పనిని ఇంకా వేగంగా చేస్తుంది. తీరప్రాంతానికి దుమ్మునూ నీటినీ లోపలికి రానివ్వని ఐపీ 66 రక్షణ, మంచి పౌడర్ కోటింగు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు అడగడం వల్ల ధర కొంత పెరుగుతుంది. అడగకపోతే మూడో వర్షాకాలానికి స్కైలిఫ్ట్ వాహనం మళ్లీ ఆ స్తంభం దగ్గరికి రావలసి ఉంటుంది.

రెండో శత్రువు తెగిన న్యూట్రల్. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి తీగ) తెగితే, తక్కువ లోడు ఉన్న ఫేజు మీది దీపాలకు 230 వోల్టుల బదులు 400 దాకా వస్తుంది. చోక్‌తో నడిచే సోడియం దీపం ఆ దెబ్బకు కొంత సేపు ఓర్చుకునేది. డ్రైవరు ఓర్చుకోదు, ఒకే రాత్రి ఒక వీధి మొత్తం ఆరిపోతుంది. అందుకే 440 వోల్టులను గంటల పాటు తట్టుకునే డ్రైవరు, పిడుగుల కోసం 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ అన్నవి షరతులలో ఉండాలి, ఆ షరతును నమూనా మీద పరీక్షించి చూడాలి. వేడి సంగతి ఇంతకంటే సులువు: దీపం వెనక రెక్కల మీద దుమ్ము, పక్షుల రెట్టలు పేరుకుంటే వేడి పోదు, డయోడు ఆయుష్షు తగ్గుతుంది, ఏడాదికొకసారి శుభ్రం చేస్తే చాలు.

ఇన్ని చెప్పినా, తుఫాను ఊళ్లకు ఎల్‌ఈడీ ఇచ్చే ఒక లాభాన్ని మరువలేము. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా సోడియం దీపం వెంటనే వెలగదు. చల్లారి తిరిగి పూర్తి కాంతికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సరఫరా నిలకడగా లేని పునరుద్ధరణ రోజులలో ఆ నిమిషాలన్నీ చీకటే. ఎల్‌ఈడీ ఆ క్షణమే వెలుగుతుంది, తక్కువ లోడు కాబట్టి చిన్న జనరేటరు మీద కూడా ఒక కూడలిని వెలిగించవచ్చు.

సముద్రపు ఒడ్డున తెల్లని వెలుగు

కాంతి రంగు గురించి మన టెండర్లు చాలా కాలం ఆలోచించలేదు. వాటుకు కొంచెం ఎక్కువ ల్యూమెన్లు వస్తాయని 5,700 కెల్విన్ల (కాంతి రంగుకు కొలమానం, అంకె పెరిగేకొద్దీ నీలి ఛాయ పెరుగుతుంది) చల్లని తెలుపును అడిగేవారు. దానిలో నీలి కాంతి పాలు ఎక్కువ. కళ్లలో గుచ్చుకునేది, నిద్రకు ఇబ్బంది చేసేది అదే. సోడియం పసుపులో చీర రంగు, వాహనం రంగు పోల్చుకోలేకపోయిన వారికి తెలుపు మేలు చేసిందన్నది నిజం. సీసీ కెమెరాలకూ మేలు చేసింది. అయితే 4,000 కెల్విన్లు ప్రధాన రోడ్లకు, 3,000 నివాస వీధులకు సరిపోతాయి, నేటి దీపాలలో ఆ తేడాకు చెల్లించవలసిన అదనపు కరెంటు స్వల్పం.

విశాఖకు ఇందులో మరో కోణం ఉంది. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రివేళ ఇసుకలోంచి పైకి వచ్చి, అన్నింటికంటే వెలుతురుగా ఉన్న దిగంతం వైపు నడుస్తాయి. మనుషుల దీపాలు లేని రోజుల్లో ఆ వెలుతురు సముద్రానిదే. రోడ్డు వైపు తెల్లని వెలుగు ఉంటే అవి రోడ్డు వైపే పాకుతాయి. నీలి, తెలుపు కాంతులు వాటిని ఎక్కువగా ఆకర్షిస్తాయి, కాషాయ రంగు కాంతి తక్కువగా. కాబట్టి గుడ్లు పెట్టే తీర భాగాల్లో కాషాయ రంగు ఎల్‌ఈడీ, సముద్రం వైపు కాంతి పడకుండా అడ్డు రేకు, ఆ నెలల్లో అర్ధరాత్రి తరువాత కాంతిని తగ్గించే ఏర్పాటు ఉండాలి. సోడియం దీపాన్ని మసకబార్చడం కష్టం; ఎల్‌ఈడీని సగం కాంతికి దించడం డ్రైవరుకు ఒక ఆదేశంతో అయ్యే పని. సాంకేతికంగా ఇంత తేలికైన పనిని ఖర్చు పేరుతో వాయిదా వేయడానికి నాకు సరైన కారణం కనబడదు.

రెండో విడత టెండరు

ఏడాదికి 4,015 గంటల లెక్కన 50,000 గంటలంటే పన్నెండున్నర ఏళ్లు. 2015లో అమర్చిన దీపాలకు, మధ్యలో మార్చినవి మినహాయిస్తే, 2027 నాటికి ఆ గడువు తీరుతుంది. ఏడేళ్ల ఒప్పందాలు ముగిసిన పట్టణాలలో నిర్వహణ ఇప్పటికే పురపాలక సంఘాల చేతికి వచ్చింది, లేదా రాబోతోంది. మొదటిసారి సోడియం నుంచి మారినప్పుడు వచ్చినంత పొదుపు ఈసారి రాదు. ఎల్‌ఈడీ నుంచి ఎల్‌ఈడీకి మారితే, నేటి దీపాలు వాటుకు 140 ల్యూమెన్లు దాటి ఇస్తున్నందున, మిగిలేది మహా అయితే ముప్పై శాతం. పొదుపు నుంచే వాయిదాలు కట్టే పద్ధతికి అంత జాగా ఉండదు కనుక, మార్పిడి ఖర్చు కోసం ఇప్పటి నుంచే బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టాలి.

ఆ టెండరులో నేను రాసే షరతులు ఇవి. డ్రైవరును విడిగా తీసి మార్చగలిగేలా ఫిట్టింగు ఉండాలి, అదే కనెక్టరు వేరే కంపెనీ డ్రైవరుకూ సరిపోవాలి. వాట్ల ఆధారంగా కాకుండా, తొమ్మిది బిందువుల కొలతలో వచ్చిన లక్స్ ఆధారంగా చెల్లింపు జరగాలి. ఆ కొలత అమర్చిన నాడూ, ప్రతి రెండేళ్లకూ, మూడో పక్షం చేత చేయించాలి. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా కాంతిని తగ్గించే షెడ్యూలు రోడ్డు రకాన్ని బట్టి ముందే రాసి ఉండాలి. దించిన పాత ఫిట్టింగుల్లోని అల్యూమినియం, సర్క్యూట్ పలకలు లైసెన్సు ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి చేరినట్టు రసీదు చూపించాలి. మిగిలిపోయిన ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలకుండా విడిగా పంపాలి. అన్నిటికీ ముందు, స్తంభాలవారీ రిజిస్టరును ఈ వేసవిలోనే తిరిగి సరిచూసి, ఏ స్తంభం మీద ఏ ఏడాది పెట్టిన ఏ కంపెనీ దీపం ఉంది, ఎన్నిసార్లు డ్రైవరు మార్చారు అన్నవి అందులో ఎక్కించాలి.